వడగళ్ళు నిండిన గంగాళం

మాట ఇచ్చిన నాడు

కన్నమ్మ అడ్డాకుల విస్తళ్ళ మూట నెత్తిన పెట్టుకొని మా మధిరకు రావడం ఎప్పుడు మొదలైనదో నాకు గుర్తు లేదు. మా అమ్మాయి బారసాల నాటికే ఆమె మా వాకిట ఉన్నది. ఆ తరువాత మా ఇంట జరిగిన ప్రతి పెండ్లికీ, ప్రతి తద్దినానికీ, చివరకు నా పదవీ విరమణ నాటి భోజనాలకూ ఆమె కుట్టిన విస్తళ్ళే పరచినాము. "మీ ఊరెక్కడ?" అంటే "బూర్గంపాడు అవతల, అడవి కింద" అనేది. మా వీధిలో బూర్గంపాడు అవతల అంటే లోకం అవతల అన్నంత మాట. కనుక ఎవరమూ మరి అడుగలేదు. జీవితమంతా ఆ ఆకుల మీద అన్నం తిన్నవాడినే కాని, ఆ తీగె ఏ చెట్టును పెనవేసుకొని పెరుగుతుందో చూడవలెనన్న తలంపు నాకు కలుగలేదు.

ఒకమారు ఆమె వెంట మనుమరాలు వచ్చింది. సంధ్య అని పేరు. మా పెరట్లో బోర్లించి ఉన్న ఇత్తడి గంగాళాన్ని వెల్లకిల త్రిప్పి, అందులో ముఖం పెట్టి "ఓ" అని అరచి, తిరిగి వచ్చిన ధ్వనికి తానే ఉలికిపడి నవ్వింది. మా విశాలాక్షి ముచ్చటపడి, "నీ పెండ్లికి ఇటువంటిదే ఇప్పిస్తాలే" అన్నది. భార్య ఇచ్చిన మాట భర్త మీదికి రావడం మా వైపు ఆనవాయితీ.

ఈ పుష్యమాసం వెళ్ళేటప్పుడు కన్నమ్మ వచ్చి మూట దింపి, మంచినీళ్ళు త్రాగి, కొంగుతో మూతి తుడుచుకొని అన్నది: "పంతులూ, గంగాళం పట్టుకొని రా. పిల్ల పెండ్లి."

విశాలాక్షికి మోకాళ్ళ నొప్పులు. ప్రయాణం నా ఒక్కడి వంతుకు వచ్చింది. చిన్న గంగాళమే కొన్నాము, మోయవలసినది నేనే కనుక. ఆమె దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, గోనెసంచిలో కట్టి చేతికిచ్చింది.

వైరా దారిలో

మాఘం ప్రవేశించినా చలి తగ్గలేదు. వైరా చెరువు మీద మంచు లేవక, నీరెక్కడ ముగిసిందో ఆకాశమెక్కడ మొదలైనదో తెలియకుండా ఉన్నది. బస్సు ఆగినచోట టీ త్రాగితిని. మా మధిరలో వలెనే ఇక్కడా పది రూపాయలే. కాని గ్లాసు నిండుగా పోసి, పైన మరి కొంచెం ఒంపి, "చలి కదా సార్" అన్నాడు ఆ టీ అంగడి అతడు. ఆ ఒంపినది పదిరూపాయలలోనిది కాదు.

నా ప్రక్కన కూర్చున్న మనిషి చాలాసేపు నా ఒడిలోని గోనెసంచిని చూచి, ఇక ఉండబట్టలేక అడిగినాడు. పేరు సత్తయ్య. మంచిర్యాల వైపు వాడు, కొత్తగూడెంలో బొగ్గుగని ఉద్యోగి.

"ఏంది సార్ అది, గంగాళమా?"

"గంగాళమే. పెండ్లికి తీసుకొని పోతున్నాను."

"ఎవరి పెండ్లి? చుట్టాలా?"

"మాకు విస్తళ్ళు తెచ్చే ఆమె మనుమరాలిది. బూర్గంపాడు అవతల."

అతడు నన్ను అడుగునుండి పైదాకా ఒకసారి పరికించినాడు. ధోవతి, శాలువా, బట్టతల.

"ఆ అడవి దిక్కా? గిట్లనా? నెత్తికేం లేదేంది సార్! మేం బాయిల దిగితే ఎండకాలం, పైకొస్తే చలికాలం. చెవులు రాలిపోతయ్ సార్, నిజంగ." బాయి అంటే గని. వారందరూ అట్లే అంటారు. సంచిలోనుండి నీలిరంగు మంకీ టోపీ ఒకటి తీసి నా చేతిలో పెట్టినాడు. "పెట్టుకోండ్రి. ఉతికిందే."

నేను మొగమాటపడి, ఇది మళ్ళీ ఎట్లా చేర్చేదని అడిగితిని.

"నాకెందుకు చేర్చుడు? మీ పని అయినంక ఎవరికి చలైతే వాళ్ళకియ్యిండ్రి. నాకూ ఒకాయన గట్లనే ఇచ్చిండు."

కొత్తగూడెంలో దిగిపోతూ కిటికీ వద్దకు వచ్చి, టోపీ సరిగా చెవుల మీదికి లాగుకొన్నానా లేదా అని చూచి మరీ వెళ్ళినాడు. మా వైపు అపరిచితునికి అగ్గిపెట్టె ఇవ్వవలెనన్నా ముందు ఊరూ ఇంటిపేరూ ఆరా తీస్తాము. సత్తయ్యకు నా పేరు తెలియదు. ఆ టోపీ తలకు తగిలించుకొని నన్ను నేను బస్సు అద్దంలో చూచుకొంటిని. మా విద్యార్థులెవరైనా చూచి ఉంటే నమస్కారం పెట్టేవారో నవ్వేవారో!

అడవి కింద ఊరు

బూర్గంపాడు నుండి ఆటో ఎక్కి, ఆటో పోలేని చోట దిగి, నడచి, సాయంకాలానికి కన్నమ్మ ఊరు చేరుకొంటిని. కోయవారి పల్లె. ముంగిళ్ళు అద్దంవలె అలికి ఉన్నవి. ఒకరితో ఒకరు వారి భాషలో మాట్లాడుకొంటూ, నన్ను చూడగానే తెలుగులోనికి మారుతున్నారు. అతిథికి కాళ్ళకు నీళ్ళిచ్చినంత సహజంగా భాషను కూడ ఇస్తున్నారనిపించింది.

కన్నమ్మ నన్ను ఊరి వెనుకకు తీసుకొని పోయి చూపించింది. మద్దిచెట్టును చుట్టుకొని పైకి ప్రాకిన అడ్డతీగె, దానికి జంట రెక్కలవంటి ఆకులు. "గిదే పంతులూ నీ అన్నం గిన్నె" అన్నది. ఆకు వెనుకభాగాన్ని వ్రేలితో తడిమితిని. మెత్తని నూగు తగిలింది. ఇన్నేండ్ల ఋణానికి ఆ తీగెకు చేయెత్తి నమస్కరిస్తే కన్నమ్మ విరగబడి నవ్వింది.

నా కొరకు కొత్త కుండ కొన్నారు. అందులో చిక్కుడుగింజల కూర, ప్రక్కన జొన్నరొట్టె. "కోడి వాసన గూడ తగలనియ్యలే. ఆ పొయ్యి దిక్కు మా పిల్లలను గూడ రానియ్యలే" అని గర్వంగా చెప్పింది. పెండ్లి యింట అన్ని పనులుండగా ఒక ముసలివాని ఆచారం కొరకు వేరే పొయ్యి పెట్టిన ఆ తల్లికి ఏమని కృతజ్ఞత చెప్పను? మరి రెండు రొట్టెలు తింటిని. అదే ఆమెకు తెలిసిన కృతజ్ఞత.

వారి పెండ్లి తీరు తింటూ ఉండగా తెలిసింది. మా వైపు పెండ్లి ఆడపిల్లవారింట జరుగుతుంది. ఇక్కడ పెండ్లికూతురినే చుట్టాలంతా వెంట ఉండి పిల్లవాని ఊరికి తీసుకొని పోతారు. మంత్రాలు లేవు, మాంగల్యం ఇప్పుడిప్పుడు వచ్చినదే. అసలు ముడి నీళ్ళతో పడుతుంది. పందిట్లో అమ్మాయి తల వంచుతుంది, ఆమె మీదుగా అబ్బాయి వంగుతాడు, పెద్దలు అతని నెత్తిన నీళ్ళు పోస్తారు. అతని తల మీదినుండి జారిన నీరు ఆమె తలను తడిపినదా, ఇద్దరూ ఆలుమగలు.

"మరి ఒక కట్టున్నది" అన్నది కన్నమ్మ. "గడప దాటిన పిల్ల, నీళ్ళు పడకుండ మళ్ళ ఆ గడప తొక్కొద్దు."

"తొక్కవలసి వస్తే?"

ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నా చెల్లెలు తొక్కింది. మేం సగం దారిల ఉండగ పిల్లగాని తాత చచ్చిపోయిండు, మర్లి వచ్చినం. మళ్ళ ఎవ్వరు అడగలే దాన్ని. సగం దారిల మర్లిన పిల్ల అన్నరు. బతికినన్నాళ్ళు అదే పేరు."

పొయ్యి అవతల గోరింట పెట్టుకొన్న చేతులు ఆరబెట్టుకొంటూ సంధ్య ఇదంతా వింటూనే ఉన్నది. "అవ్వా, పొద్దుగాల పెండ్లి పెట్టుకొని గవే ముచ్చట్లా!" అని కసిరింది.

ట్రాక్టరు మీద

తెల్లవారి పిల్ల గడప దాటింది. మంగళహారతి లేదు, ఏడ్పులు లేవు. డోళ్ళు మాత్రం ఊరు దద్దరిల్లేటట్లు మ్రోగినవి. ట్రాక్టరు పెట్టెలో గడ్డి పరచి, దాని మీద చాపలు వేసి పెండ్లివారందరమూ ఎక్కితిమి. నాకు ముందు భాగాన గౌరవస్థానం. ఒడిలో గంగాళం, తల మీద సత్తయ్య టోపీ. ఎదురుగా సంధ్య. చిన్ననాడు దానిలో ముఖం పెట్టి అరచిన సంగతి గుర్తు చేస్తే, "అరిచిననా? నేనా?" అని సిగ్గుపడి, ఎవరూ చూడనప్పుడు వంగి మెల్లగా "ఓ" అన్నది.

అడవిలో సగం దూరం పోయేసరికి గాలి నిలిచిపోయింది. పక్షులు ఒక్కమారుగా ఊరుకొన్నవి. తూర్పున, గోదావరి వైపు, నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు ఒకటి ఆకాశంలో పుట్టింది. మాఘమాసంలో మబ్బేమిటి అనుకొనేలోపల చలి ఎముకలకు తగిలింది. మొదటి గడ్డ ట్రాక్టరు ముందుభాగం మీద పడి ఠంగుమన్నది. రెండవది నా మోకాలి మీద. నిమ్మకాయంత ఉన్నది.

"రాళ్ళవాన! దిగుండ్రి, జల్దీ దిగుండ్రి!" అని ట్రాక్టరు తోలే అతడు కేక వేసినాడు.

ఆడవారూ పిల్లలూ పెట్టె క్రింద దూరినారు. సంధ్యను అందరికన్న లోపలికి నెట్టినారు. డోళ్ళవారిద్దరు తమ డోళ్ళను క్రిందికి దూర్చి, చోటు చాలక తాము బయట వీపులు వంచి నిలుచున్నారు. ఒకడు మూలుగుతూనే రెండవవానితో అంటున్నాడు: "ఈపు తోలు మళ్ళ మొలుస్తది, డోలు తోలు మొలుస్తదారా!" నాకూ చోటు లేదు. చేతిలో ఉన్నది గంగాళం. దానిని తల మీద బోర్లించుకొని చక్రానికి చేరగిలబడితిని.

కరకలు, శిలావృష్టి అని కావ్యాలలో చదివి, పిల్లలకు అర్థాలు వ్రాయించినవాడిని. ఇత్తడి పాత్రలో తల పెట్టుకొని వినేదాకా దాని అర్థం నాకు తెలియదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. వంద మంది కంచరులు నా చెవిలో కూర్చొని సుత్తెలతో కొట్టినట్లున్నది. చెవులు పోకుండా కాపాడినది ఆ నీలి టోపీయే. సత్తయ్యా, నీవెక్కడున్నావో, చల్లగా ఉండు.

అది ఆగి గంగాళం తీసి చూస్తే నేను మరొక దేశంలో ఉన్నాను. అడవి తెల్లబడింది. బండిజాడలలో గడ్డలు కాలువలు కట్టి ఉన్నవి. చెట్లు ఆకులన్నీ రాల్చుకొని బోసిగా నిలుచున్నవి, చితికిన పచ్చి ఆకుల వాసన గొంతులో పట్టుకొంటున్నది. తెల్లని నేల మీద పచ్చని చిలుకలు పడి ఉన్నవి. పెండ్లివారిలో ఎవరూ వాటిని త్రొక్కలేదు. తొలగి తొలగి నడచినారు.

దారికి అడ్డంగా

ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. ఒకరికి నుదుట బొప్పి, డోళ్ళవారికి వీపున తేలిన వాతలు. గంగాళం మాత్రం సొట్టలు పడిపోయింది. పసుపూ కుంకుమా కొట్టుకొనిపోయినవి. ట్రాక్టరు కొంత దూరం పోయి ఆగింది. దారికి అడ్డంగా వేళ్ళతో లేచి పడిన చెట్లు, ఒకదాని మీద ఒకటి.

ఆ కొమ్మల అవతలినుండి గొడ్డలిచప్పుడు వినబడింది. కొంతసేపటికి కొమ్మలు తొలగించుకొని ఒక యువకుడు బయటికి వచ్చినాడు. తడిసి, బురదకొట్టుకొని, పసుపు అంటిన బట్టలతో ఉన్నాడు. పెండ్లికొడుకు నాగేష్! ఒంటరిగా వచ్చినాడు. పెండ్లికూతురి వైపు చూడక, కన్నమ్మతో చెప్పినాడు.

"నాయన మర్లిపొమ్మన్నడు అవ్వా. ఊరంత పెంకులు పగిలినయ్. కల్లంల మిర్చి ఉన్నది, అది కాపాడనీకి పందిరి పీకి దాని మీద కప్పినం. పిల్లను తెచ్చి ఎక్కడ ఉంచుతం, ఈ ఏడు వద్దు అన్నడు."

వెనుకటి రాత్రి నేను విన్న మాట అక్కడ ఉన్న అందరికీ పుట్టుకనుండి తెలిసినదే. కన్నమ్మ చెట్టు మొదలు మీద కూలబడింది. ఆమె ముఖం చూస్తే, ఆమెకు కనిపిస్తున్నది మనుమరాలు కాదు, చెల్లెలు అనిపించింది.

సంధ్య ట్రాక్టరు దిగి వచ్చింది. చెప్పులు లేవు, గడ్డల మీదనే నడచింది.

"నీ నాయన చెప్పింది ఇన్న. నువ్వేమంటవ్?"

"నేనేమంట సంధ్యా... ఇంటి మీద పెంకు లేదు."

"పెంకులను చేసుకోనీకి వస్తున్ననా?"

డోళ్ళవారిలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గినాడు.

"నువ్వు ఒచ్చుడు నాకిష్టం లేకనా" అన్నాడు నాగేష్, ఇప్పుడామె వైపు చూచి. "ఇష్టం లేకుంటే గొడ్డలెందుకు పట్టుకొస్త? నోటి మాట చెప్పనీకి గొడ్డలెందుకు?"

చూస్తిమి. అతడు వచ్చిన దారిలో కొమ్మలు మనిషి పట్టేటంత వెడల్పున నరికి ఉన్నవి. తండ్రి పంపిన కబురు తెస్తూ, దానికి విరుద్ధంగా దారి చేసుకొంటూ వచ్చినాడు.

కన్నమ్మ లేచింది. "నడువుండ్రి. మన గడప మీదికి పోతే కదా మర్లుడు. ఒద్దంటే ఆయన గడప ముందల కూసుంట. పంతులూ, నువ్వు?"

"నేను కూడ వస్తాను."

"అయితే ఆ గంగాళం ఖాళీగ పట్టుకపోవద్దు. పెండ్లింటికి ఖాళీ గిన్నె ఎదురు పోవుడు మీకు మంచిదా?"

మాకూ మంచిది కాదు. రెండు ఆచారాలూ మొదటిమారు ఒకచోట కలిసినవి. కాని అక్కడ నింపడానికి నీళ్ళెక్కడ? కన్నమ్మ వంగి రెండు దోసిళ్ళ వడగళ్ళు ఎత్తి గంగాళంలో పోసింది. తలా రెండు దోసిళ్ళు వేసేసరికి నిండింది. నేను ఎత్తబోతే కదలలేదు. నాగేష్ గొడ్డలి సంధ్య చేతికిచ్చి, గంగాళం భుజానికెత్తుకొన్నాడు. దారి పొడుగునా చల్లని చుక్కలు అతని వీపు మీద జారుతూనే ఉన్నవి.

సోమయ్య కల్లం

నాగేష్ తండ్రి సోమయ్య ఊరు మేము చేరేసరికి ఎండ వచ్చింది. అంతటి విధ్వంసం మీద అంతటి నిర్మలమైన ఎండ! కరెంటు స్తంభాలు మొక్కజొన్న చేలలో పడి ఉన్నవి, మొక్కజొన్న వాటికన్న ముందే పడి ఉన్నది. పెంకుటిండ్లకు వాసాల ఎముకలు బయటపడినవి. రేకుల ఇండ్లు జల్లెడలైనవి. ఇంటి ముందర కల్లంలో ఎండబోసిన మిర్చి మీద నేరేడు మండలతో, తాటాకులతో కట్టిన పెండ్లిపందిరి పడుకొని ఉన్నది. దాని సందులలో ఎఱ్ఱని కాయలు, వాటి మధ్య తెల్లని గడ్డలు. కన్నీళ్ళు పెట్టించే సౌందర్యమది, ఆ ఘాటుకు నిజంగానే అందరి కండ్లూ కారుతున్నవి.

సోమయ్య మమ్మల్ని చూచి నిచ్చెన మీదనే ఆగినాడు. "చెప్పి పంపిన గదనే కన్నమ్మా!"

"చెప్పిండు. నీ కొడుకు మంచోడు, మొత్తం చెప్పిండు."

"మరి గిట్ల వస్తే నేనేం చెయ్యాలె? కప్పు లేదు. పందిరి లేదు. పిల్లను ఎక్కడ ఉంచాలె?" అతని దృష్టి నా మీద పడింది. "పంతులు గారూ, మీరు చదువుకున్నోళ్ళు. మీరే చెప్పుండ్రి. పెండ్లి నాడు రాళ్ళు పడ్డయ్. ఇది మంచికేనా?"

అబద్ధమాడలేను. అకాల వర్షానికి శాస్త్రాలలో మెచ్చుకోలు మాట ఏదీ నేను చదువలేదు. కాని శాస్త్రాలన్నీ తిరగేసినా, ఆ అమ్మాయి చెప్పులు లేని పాదాలను చూస్తూ పలుకదగిన మాట నాకు దొరకలేదు.

"సోమయ్యా, అది ఎవరి మీద కోపంతో పడినదో నేనెట్లా చెప్పేది? నా మీద కూడ పడింది" అని గంగాళం మీది సొట్టలు చూపించితిని.

సోమయ్య నవ్వలేదు గాని, నిచ్చెన దిగి వచ్చి సొట్టలను తడిమి చూచినాడు. ఆలోగా జరిగినదేమంటే, మా పెండ్లివారు ఎవరూ చెప్పకుండానే పనిలోకి దిగినారు. డోళ్ళవారిద్దరూ డోళ్ళను ఎండలో పెట్టి పైకప్పెక్కినారు. ఆడవారు కల్లం మీది మండలెత్తి, గడ్డలు ఏరివేసి, తడిసిన కాయ ఒక ప్రక్కకు, నిలిచిన కాయ ఒక ప్రక్కకు చేస్తున్నారు. సంధ్య పట్టుచీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని అందరికన్న ముందున్నది. నాకు పెంకులు ఏరే పని ఇచ్చినారు, పగిలినవి వేరు, బ్రతికినవి వేరు. పెంకును వ్రేలితో తట్టి వినవలె. కంఠం బాగున్నదా, పైకి అందించవలె. బ్రతుకంతా ఛందస్సు వింటూ గడిపిన చెవికి ఆ పని సుఖంగా ఉన్నది.

ఒక గది మీదికి సరిపోయే పెంకులు దొరికినవి. వంటింటి మీద తాటాకు కప్పినారు. ఎండ వాలేసరికి కన్నమ్మ సోమయ్య ముందు నిలిచింది.

"కప్పు లేదంటివి. ఉన్నదా ఇప్పుడు?"

"ఉన్నది."

"పందిరి లేదంటివి. కల్లం మీద పండుకొనున్నది. దాని పక్కన చేస్తే ఏం తక్కువ?"

"పందిరి పక్కన పెండ్లేందే" అని సోమయ్య గొణిగినాడు. వెనుకనుండి అతని భార్య అన్నది: "నన్ను నువ్వు ఏ పందిట్ల చేసుకున్నవ్? ఆ ఏడు ఎడ్లు తొక్కి పోలే పందిరిని?" ఊరంతా నవ్వింది. సోమయ్య ముఖం మొదటిమారు కొంచెం వదులైనది. వెంటనే మళ్ళీ బిగుసుకొన్నది.

"నీళ్ళేవి మరి? కరెంటు లేదు, బోరు ఆగింది. వాగు చూస్తివా, బురద. బురద నీళ్ళు పోస్తనా కొడుకు నెత్తిన?"

ఇది సాకు కాదు. నీళ్ళు లేనిదే వారి పెండ్లి లేదు. సంధ్య చేతిలోని మిర్చి జారవిడిచింది. అప్పుడు నాగేష్ మాటలేమీ లేకుండా ఇంటి అరుగు దగ్గరకు పోయి, తాను మోసుకొని వచ్చిన గంగాళాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి తండ్రి ముందు పెట్టినాడు. సగానికి పైగా కరిగింది. అద్దంవంటి నీరు, పైన తేలుతున్న గడ్డలు, ఒక చిన్న ఆకు.

సోమయ్య అందులో చేయి పెట్టి, ఠక్కున వెనుకకు తీసికొన్నాడు. కొడుకును చూచినాడు. కోడలు కావలసిన పిల్లను చూచినాడు. "సస్తవురా" అన్నాడు కొడుకుతో. "మంచిగ ఆలోచించుకో. మస్తు సల్లగున్నయ్."

"నీళ్ళు పొయ్యి నాయనా" అన్నాడు నాగేష్.

డోళ్ళు మంట దగ్గర కాచి బిగించినారు. కల్లం ప్రక్కన సంధ్య తల వంచింది, ఆమె మీదుగా నాగేష్ వంగినాడు. కన్నమ్మ నా చేయి పట్టి ముందుకు లాగింది. "గంగాళం తెచ్చినోనివి. ముందల నువ్వు చెయ్యి వెయ్యి." నాతో పాటు సోమయ్య రెండవవైపు పట్టుకొన్నాడు. ఇంతటి గౌరవానికి తగినట్లు ఒక మంగళశ్లోకం చదువుదామని గొంతు సవరించుకొంటిని.

"చదివేది ఎనక! పిల్ల వంగి ఉన్నది, ముందు నీళ్ళు పొయ్యి!" అని కన్నమ్మ గదిమింది.

పోసితిమి. "అమ్మో!" అన్న నాగేష్ కేక అడవిలో రెండుమార్లు ప్రతిధ్వనించింది. ఒక గడ్డ అతని మెడ మీదినుండి జారి సంధ్య జడలో చిక్కుకొన్నది. ఆమె కేక వేయలేదు. నీరు ఆమె నుదుటి మీదినుండి ముక్కు కొసకు వచ్చి నిలిచేదాకా కదలక, అప్పుడు తల పైకెత్తి అవ్వ వైపు చూచి నవ్వింది. కన్నమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొన్నది. ఏమైందని అడిగితే, "మిర్చి ఘాటు" అన్నది.

పెండ్లికొడుకు పండ్లు టకటక కొట్టుకొంటున్నవి. నా తల మీది టోపీ తీసి అతనికి తొడిగి, చెవుల మీదికి సరిగా లాగితిని. పసుపు ముఖం, నీలి మంకీ టోపీ. ఆ వేషంలోనే అతడు ఊరందరి ఆశీస్సులూ అందుకొన్నాడు.

తిరిగి వచ్చిన తరువాత

వచ్చే దారిలో చేలన్నీ ఒకే కథ చెప్పినవి. మిర్చి, ప్రత్తి, మొక్కజొన్న అన్నీ నేలకు కరుచుకొని ఉన్నవి. సోమయ్య మిర్చిలో ఎంత నిలిచిందో నేను అడుగలేదు, అతడు చెప్పలేదు. వీడ్కోలు నాడు ఒక గుప్పెడు ఎండుమిర్చి నా శాలువా కొంగున కట్టినాడు. అటువంటి ఏడాది అటువంటి చేతినుండి వచ్చినదానిని వద్దనడం కన్న తీసుకోవడమే మర్యాద.

విశాలాక్షి అంతా విని, "సొట్టల గంగాళం పెండ్లికిస్తారా ఎవరైనా!" అని నొచ్చుకొన్నది. కంచరి దగ్గర బాగు చేయించి పంపిద్దామన్నది. ఆ మాట నేను అక్కడ అననే అన్నాను. సంధ్య గంగాళాన్ని చంకన బిగించుకొని, "బాగనే ఉన్నది కదా" అన్నది.

ఫాల్గుణం చివర కన్నమ్మ మళ్ళీ మా వాకిట మూట దింపింది. ఈమారు విస్తళ్ళు చిన్నవి. ఆకులకు చిల్లులు, రాళ్ళవాన దెబ్బలు. ప్రతి చిల్లుకూ ఒక చిన్న ఆకు అడ్డం వేసి, సన్నని పుల్లలతో కనిపించీ కనిపించకుండా కుట్టి ఉన్నది. కన్నమ్మ కుట్టు నాకు తెలుసు. ఇది ఆమెది కాదు.

"ఎవరు కుట్టినారు?"

"అత్తగారింట్ల కూసొని కుట్టింది" అన్నది ఆమె. ఆ 'అత్తగారింట్ల' అన్న మాటను రెండవమారు కూడ అన్నది, నోటికి రుచిగా ఉన్నట్లు.

ఆ పూట ఆ విస్తరిలోనే భోజనం చేసితిని. సోమయ్య మిర్చితో కాచిన చారు కావలెనని పోయించుకొని, ఆకు క్రింద చేయి పెట్టి చూచితిని. ఒక్క చుక్క కూడ కారలేదు.